ఆలుగడ్డల బుట్టలో పుదీనా వాసన

సంక్రాంతి దాటి శివరాత్రి దగ్గర పడేసరికి కొత్త ఆలుగడ్డ మార్కెట్లోకి దిగుతుంది. దాంతోపాటు ధరా దిగుతుంది. చవగ్గా ఉన్నాయి కదా అని అయిదు కిలోలో పది కిలోలో తెచ్చి వంటింటి మూల సంచిలో పోసేస్తాం. ఎండలు ముదిరేసరికి ఏమవుతుందో మీకు తెలియంది కాదు. పైనున్న వాటికి తెల్లటి మొలకలు, తొక్కంతా ముడతలు. అడుగున ఒక్కటి మెత్తబడి నీరు కారుతుంది. ఆ కంపు హాల్లోకి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. దాన్ని తీసి పారేసేలోపు చుట్టూ ఉన్న నాలుగూ పాడవుతాయి. తెలంగాణలో ఆలుగడ్డ అనండి, సీమలో ఉర్లగడ్డ అనండి, కోస్తాలో బంగాళాదుంప అనండి, దాని బుద్ధి మాత్రం ఒక్కటే!

మనకిది ఒక సంచి గొడవ. జహీరాబాద్ వైపో, పలమనేరు వైపో దుంప పండించే ఇంట్లో అయితే గది నిండా అదే గొడవ. తవ్విన రోజే అమ్మితే వచ్చేది తక్కువ. నెలో నెలన్నరో ఆగితే నాలుగు డబ్బులు ఎక్కువ రావచ్చు. కానీ ఆగేలోపు దుంప ఆగాలి కదా! శీతల గిడ్డంగికి అద్దె కట్టాలి, లారీ కిరాయి భరించాలి. అది అందని చిన్న రైతు ఇంట్లోనే, చాప మీదో నేల మీదో కుప్ప పోస్తాడు. ఒకప్పుడు ఆ కుప్పల మీద పురుగుమందు పొడి చల్లడం మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో మామూలు విషయం. ఆ గదిలోనే బియ్యం, పప్పులు, ఒక్కోసారి పిల్లల మంచం కూడా ఉండేవి. అలా వాడిన పొడుల్లో ఒకటైన బి.హెచ్.సి.ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. తినే దుంప మీద మందు చల్లడం తప్పని ఆ ఇంటి ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 'మరి ఏం చెయ్యను?' అన్నదానికే జవాబు కావాలి.

ఆ జవాబులో కొంత భాగం ఆకుల వాసనలో ఉంది. 'ఇదేదో చిట్కా వైద్యం' అని పేజీ తిప్పెయ్యకండి. ఇది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యదో రెండూ చెబుతాను.

దుంప పుట్టింట్లో ఏం చేస్తారు?

బంగాళాదుంప పుట్టిల్లు బంగాళం కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాల మీదుగా సాగే ఆండీస్ కొండలు. అక్కడి టిటికాకా సరస్సు చుట్టుపక్కల దుంపను సాగులోకి తెచ్చి ఏడెనిమిది వేల ఏళ్ళయిందంటారు. పెరూ రాజధాని లీమాలో 1971లో పెట్టిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం నాలుగు వేలకు పైగా రకాలను భద్రపరుస్తోంది. నల్లవి, ఊదావి, పిల్లి వేళ్ళలా సన్నగా వంకరగా ఉండేవి... మనం కూరగాయల బండి మీద చూసేది అందులో ఏ మూలకూ రాదు.

ఆ కొండల్లో పదమూడు వేల అడుగుల ఎత్తున కూడా ఊళ్ళున్నాయి. ఏడాదికి ఒక పంట. అది అయిపోతే మళ్ళీ పంట దాకా అదే తిండి, అదే విత్తనం. అందుకే దుంపను దాచడంలో వాళ్ళు ఆరితేరిపోయారు. కొన్నింటిని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండలో పెట్టి, కాళ్ళతో తొక్కి నీరు పిండేసి, మన వడియాల్లా ఎండబెడతారు. 'చూన్యో' అంటారు వాటిని, ఏళ్ళ తరబడి నిలవుంటాయి. మిగతా దుంపల్ని చీకటి గదిలో గడ్డి పరిచి పోస్తారు. వరసకీ వరసకీ మధ్య 'మూన్యా' అనే మొక్క రెమ్మలు వేస్తారు.

ఈ మూన్యా మన పుదీనాకి, తులసికి చుట్టం. కొండవాలుల్లో పొదలా పెరుగుతుంది. నలిపితే పుదీనా ఘాటే, ఇంకాస్త గట్టిగా. కడుపునొప్పి వస్తే దాన్నే మరిగించి కషాయం తాగుతారు, సూపుల్లో వేస్తారు. మన ఇళ్ళలో వామూ జీలకర్రా ఎలాగో వాళ్ళకది అలాగ. విత్తనం దుంపల్ని ఏరడం, ఏ రకం ఏ మూల పెట్టాలో చూడడం, ఎప్పుడు ఏది తియ్యాలో నిర్ణయించడం అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళ పని. కాబట్టి మూన్యా సంగతి కూడా తల్లి దగ్గర కూతురు నేర్చుకున్న విద్యే. కాగితం మీదకి శాస్త్రవేత్తలు తర్వాతెప్పుడో ఎక్కించారు.

వాళ్ళు పరీక్ష చేసి చూస్తే తేలిందేమిటంటే, ఈ ఎండు రెమ్మల మధ్య ఉంచిన దుంపలకు దుంప తొలిచే పురుగు పట్టడం బాగా తగ్గింది, మొలకలూ ఆలస్యమయ్యాయి. ఈ పురుగు సంగతి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మనకీ ఇది పాత శత్రువే. 1906లో ఇటలీ నుంచి బొంబాయికి దిగిన విత్తనం దుంపలతో వచ్చిందంటారు. చూడ్డానికి బూడిదరంగు చిన్న చిమ్మట, అంతే. దుంప కన్నుల దగ్గర గుడ్లు పెట్టిపోతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోతుంది. కన్ను దగ్గర నల్లటి పిప్పి కనిపించిందంటే లోపల సొరంగం తయారైనట్టే. ఆ రంధ్రంలోంచి కుళ్ళు తెగులు దూరుతుంది. అంటే మీ సంచిలో నీరు కారే దుంప వెనక చాలాసార్లు ఒక పురుగు చేసిన కన్నమో, తవ్వేటప్పుడు పార తగిలిన గాయమో ఉంటుందన్నమాట. పురుగుని ఆపితే తెగుల్లో సగం ఆగినట్టే.

వాసనకి అంత శక్తి ఎక్కడిది?

మొక్క పారిపోలేదు. దాన్ని తినడానికి వచ్చే పురుగునీ, పట్టడానికి వచ్చే బూజునీ తరమాలంటే దానికున్న ఆయుధం ఆకుల్లోని నూనె. మన ముక్కుకి అది పరిమళం, పురుగుకి విషం. ఈ నూనెలు ఊరికే గాలిలోకి ఆవిరైపోతాయి. పంటినొప్పికి లవంగం పెట్టుకుంటాం కదా, అందులో ఉండే యూజినాల్ క్రిములమీద పనిచేస్తుంది. వాములో ఉండే థైమాల్ బూజుని ఎదగనివ్వదు. పుదీనాలో కార్వోన్ అనే పదార్థం ఉంటుంది. మనం పచ్చడికి వాడే పుదీనాకి ఆ వాసన తెచ్చేదే అది.

ఈ కార్వోన్ కథ తమాషాగా ఉంటుంది. మన బిర్యానీలో వేసే షాజీరాకి దగ్గరి చుట్టమైన కారవే గింజల్లోనూ, సోయికూర గింజల్లోనూ కూడా ఇదే దొరుకుతుంది. కారవే పంట హాలెండులో ఎప్పటినుంచో ఉంది, ఆ దేశంలో దుంపల సాగూ ఎక్కువే. 1990ల్లో వాళ్ళు కారవే గింజల నుంచి తీసిన కార్వోన్ని 'టాలెంట్' అనే పేరుతో గిడ్డంగుల్లో దుంపలు మొలకెత్తకుండా వాడడం మొదలుపెట్టారు. మొలకల్ని ఆపడమే కాదు, ఎండుకుళ్ళు తెచ్చే బూజునీ, తొక్కమీద వెండిరంగు మచ్చలు వేసే బూజునీ కూడా అది అదుపులో పెట్టింది. ఇంకో మంచి గుణం ఉంది. గాలి తగలనిస్తే వాసన పోతుంది, దుంప మళ్ళీ మామూలుగా మొలకెత్తుతుంది. విత్తనం దాచుకునే వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే అప్పట్లో ఇది ఖరీదు వ్యవహారం. సి.ఐ.పి.సి. అనే రసాయనం దానికంటే చవక. మొలకలు ఆపడానికి ప్రపంచమంతా దశాబ్దాల పాటు దాన్నే వాడింది, చిప్స్ కోసం దుంపలు దాచే మన గిడ్డంగులతో సహా. చివరికి తినేవాళ్ళ ఆరోగ్యం మీద సందేహాలు తీరక 2019లో ఐరోపా సమాఖ్య దాని అనుమతిని పొడిగించలేదు. 2020 అక్టోబరుతో అక్కడ వాడకం ఆగిపోయింది. అప్పుడు గిడ్డంగుల వాళ్ళు పరుగెత్తింది ఎక్కడికో తెలుసా? పుదీనా నూనె దగ్గరికి! వేడిచేసి పొగమంచులా గిడ్డంగిలోకి వదులుతారు. నారింజ తొక్క నూనెనీ అలాగే వాడుతున్నారు. ఆండీస్ కొండల్లో ఆడవాళ్ళు రెమ్మలతో చేసిన పనినే ఇప్పుడు యంత్రాలతో చేస్తున్నారు. నా మట్టుకు నాకు ఇందులో ఆశ్చర్యం లేదు గానీ, ఇంత ఆలస్యం ఎందుకయిందా అనిపిస్తుంది.

చేలో చల్లితే సరిపోదా?

ఇక్కడే చాలామంది పొరపడేది. వాసనకి ఇంత బలం ఉంటే నాలుగు లీటర్ల పుదీనా కషాయం చేలో కొట్టేస్తే తెగుళ్ళన్నీ పోవా అని. పోవు. ఆ మాట ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి.

దుంప పంటకి అన్నిటికన్నా పెద్ద శత్రువు ఆలస్యంగా వచ్చే ఆకుమాడు తెగులు. చల్లగా ముసురు పట్టిన రోజుల్లో ఆకు మీద నీరు నానిన మచ్చలా మొదలై, కొద్దిరోజుల్లోనే చేనంతా మాడ్చేస్తుంది. 1845లో ఐర్లండుని ముంచింది ఇదే. అక్కడి పేదలకి దుంప తప్ప వేరే తిండి లేదు. వరసగా పంటలు పోయి దాదాపు పది లక్షల మంది ఆకలితో, జబ్బులతో చనిపోయారు. ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఇలాంటి తెగులు మీద పనిచేసే మొదటి మంచి మందు దొరకడానికి 1880ల దాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రాన్సులో ద్రాక్షతోటల కోసం మైలుతుత్తం, సున్నం కలిపి తయారుచేసిన బోర్డో మిశ్రమమే అది. మన రైతులు ఇప్పటికీ వాడుతున్నారు.

ప్రయోగశాలలో మూత పెట్టిన గాజు పళ్ళెంలో అయితే లవంగ నూనె, వాము నూనె, నిమ్మగడ్డి నూనె ఆకుమాడు తెచ్చే జీవిని ఆపేస్తాయి. 'ఆపేస్తాయి' అన్న మాట నిజమే, 'మూత పెట్టిన' అన్న మాట మాత్రం మరిచిపోకూడదు. చేలో మూత ఎక్కడుంది? ఎండకి నూనె ఆవిరైపోతుంది, గాలికి చెదిరిపోతుంది, వానకి కడుక్కుపోతుంది. ఆకుమాడు తెగులేమో సరిగ్గా ఆ వానలోనే విజృంభిస్తుంది. ఎక్కువ నూనె కొడదామంటే ఆకులు మాడిపోతాయి. కాబట్టి చేను విషయంలో ఆరోగ్యమైన విత్తనం, తట్టుకునే రకం, వ్యవసాయాధికారి చెప్పిన వేళకి మందు, వీటికి బదులు ఏ సువాసనా లేదు. ఇథియోపియాలో దుంప సాళ్ళ మధ్య వెల్లుల్లి వేసి చూస్తే తెగులు ఉధృతి తగ్గిందని తేలింది. మంచిదే. తోడు పంటగా వేసుకుంటే వెల్లుల్లి డబ్బూ వస్తుంది. కానీ అది తోడు మాత్రమే, కాపలాదారు కాదు.

చేలో కూడా ఒక్క చోట మాత్రం వాసనకి మూత ఉంటుంది. అది మట్టి! ఆవకాయ కలిపేటప్పుడు ఆవపిండిలో తడి తగలగానే ముక్కుకెక్కే ఘాటు గుర్తుందా? పొడిగా ఉన్నంతసేపూ ఆవగింజ నోరుమెదపదు. నలిగి తడి తగిలితేనే ఆ ఘాటు పుడుతుంది. దుంప నాటే ముందు చేలో ఆవమొక్కలు పెంచి, పూత మొదలవుతుండగా ముక్కలుగా నరికి వెంటనే మట్టిలో కలియదున్ని, తడిపి ఉంచితే ఆ ఘాటు మట్టిలోనే కొన్నాళ్ళు నిలిచి, దుంపకి గజ్జి తెగులు తెచ్చే క్రిముల్ని తగ్గిస్తుంది. అమెరికాలో దుంపలు బాగా పండే మెయిన్ రాష్ట్రంలో ఈ పద్ధతిని మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూశారు. అక్కడ వాళ్ళు వేసిందీ మన పోపుడబ్బాలో ఉండే ఆవాల జాతే. పూర్తిగా పోదు, తగ్గుతుంది. పచ్చిరొట్ట ఎరువు ఎటూ వచ్చినట్టే కాబట్టి చేసినందుకు నష్టం లేదు.

మరి మన దగ్గర?

మనకి మూన్యా లేదు. అయితే దాని పని చేసేవి గట్ల మీదే ఉన్నాయి. మన దేశంలో దుంపలు పండే ఎండప్రాంతాల్లో రైతులు కుప్పకి కిందా పైనా ఎండు ఆకులు పరిచే పద్ధతి ఉంది. అందులో రెండు ఆకులు పరీక్షకి నిలిచాయి. ఒకటి నీలగిరి తైలం చెట్టు, మనవాళ్ళు జామాయిల్ అంటారు. రెండోది లాంటానా. పేరు కొత్తగా ఉన్నా మొక్క మీకు తెలుసు. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగుల చిన్న పూలు పూసే ముళ్ళపొద, నలిపితే ఘాటు వాసన. కొన్నిచోట్ల పులికంప అంటారు. ఈ ఆకుల్ని నీడన ఎండబెట్టి, నలిపి, కుప్ప కింద బొటనవేలి మందాన పరిచి, దుంపలు పోసి, పైన మళ్ళీ అంతే మందాన కప్పుతారు. చిమ్మట కన్నుల దాకా రాలేదు. వాసన పని కొంత, పొరలా అడ్డం ఉండడం కొంత.

వేపాకు, వావిలాకు ధాన్యపు గాదెల్లో, కందుల కుండల్లో వేయడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. దుంపకి మాత్రం ఎందుకో ఆ అలవాటు అంతగా పాకలేదు. దుంప మనకి కొత్తచుట్టం కదా, ఆ మర్యాద ఇంకా అందినట్టు లేదు.

మీ ఇంట్లో ఇలా చేసి చూడండి

దుంపల్ని ఇంటికి తేగానే బుట్టలో పొయ్యకండి. నేలమీద పరిచి ఒక్కొక్కటీ చూడండి. గాయమున్నవి, కన్ను దగ్గర నల్లపిప్పి ఉన్నవి, వేలితో నొక్కితే లొట్టపడేవి పక్కన పెట్టి, పనికొచ్చేంత మేర ముందుగా వండేసుకోండి. ఏ ఆకు వేసినా కుళ్ళిన దుంప బాగుపడదు, పక్కవాటికి అంటించకుండానూ ఉండదు. మిగిలినవాటిని కడగొద్దు! మట్టి ఉంటే పొడిబట్టతో దులపండి. నీడలో, గాలి ఆడేచోట ఒక పూట ఆరనివ్వండి.

పుదీనా కట్టలు చవగ్గా దొరికినప్పుడు పచ్చడికి ఆకులు కోసుకున్నాక మిగిలిన కాడల్ని, ముదురు ఆకుల్ని పారెయ్యకండి. నీడన గలగలలాడేదాకా ఎండబెట్టండి. ఎండలో పెడితే నూనె కాస్తా ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది. పచ్చిగా వేస్తే ఇంకా ప్రమాదం, తడికి కుళ్ళు వస్తుంది. మీ వీధిలో జామాయిల్ చెట్టుంటే దాని ఎండుటాకులు కూడా కలపొచ్చు.

వెదురుబుట్టలో కానీ, అట్టపెట్టెకి పక్కల నాలుగు కన్నాలు పెట్టి గానీ, అడుగున ఎండు ఆకులు, ఒక వరస దుంపలు, మళ్ళీ ఆకులు, ఇలా నింపండి. పైన ఆకులు మందంగా వేసి పాత నూలుచీర ముక్కో గోనెపట్టానో కప్పండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమట పట్టి దుంప ఊపిరాడక పోతుంది. పొయ్యికి దూరంగా, చల్లగా, చీకటిగా ఉన్న మూల పెట్టండి. వెలుతురు తగిలితే తొక్క పచ్చబడుతుంది. ఆ పచ్చదనంతో పాటు సొలనిన్ అనే విషం కూడా తయారవుతుంది. పచ్చబడిన భాగాన్ని, మొలకల్ని లోతుగా కోసి తీసెయ్యాలి. బాగా పచ్చబడి చేదుగా ఉంటే మొత్తం పారెయ్యాల్సిందే, ఉడికించినా ఆ విషం పోదు. ఉల్లిపాయల బుట్ట పక్కన పెట్టకండి. ఉల్లికి పొడిగాలి కావాలి, దుంపకి కాస్త చెమ్మ కావాలి, రెండూ కలిసి పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెడితే మొలకలు రావుగానీ, చలికి దుంపలోని పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది.

వారానికొకసారి చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. పదిహేను రోజులకి ఆకుల వాసన తగ్గుతుంది. నలిపి చూసి ఘాటు లేకపోతే కొత్తవి వెయ్యండి. ఇంత చేసినా మే నెల ఎండల్లో దుంప నెలల తరబడి నిలవుంటుందని ఆశ పడకండి. మొలకలు ఆలస్యం కావచ్చు, పురుగు తగ్గుతుంది, కుళ్ళు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకేలోపు మీరు పట్టుకోగలుగుతారు. వంటకి ముందు కడిగి తొక్క తీస్తే కూరకి పుదీనా వాసన రాదు. జామాయిల్ ఆకు అయితే కొంచెం అంటుకుని ఉంటుంది, ఇంకోసారి కడగండి. 'ఆకు కంటే నూనె బలం కదా' అని బజారులో దొరికే పుదీనా నూనె, నీలగిరి తైలం దుంపల మీద పొయ్యకండి. నూనె తగిలినచోట తొక్క మాడి అక్కడే కుళ్ళు మొదలవుతుంది, పైగా తినే వస్తువు మీద అంత గాఢమైన నూనె మంచిది కాదు.

లాంటానాని మాత్రం వంటింటికి తేవద్దు. విత్తనం కోసం, అమ్మకం కోసం దాచే పెద్ద కుప్పలకే దాన్ని ఉంచండి. ఆ ఆకు పశువులకి విషం, తింటే కాలేయం దెబ్బతిని చర్మం పుండ్లు పడుతుంది. కాయలు పిల్లల నోటికి అందకూడదు. ఆకులు దూసేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకోండి. కుప్ప ఖాళీ అయ్యాక ఆ ఆకుల్ని ఊడ్చి గుంటలో పూడ్చండి, గేదెలు కట్టేసే కొట్టం వైపు వెయ్యకండి. వాడేసిన పుదీనా కాడలు మాత్రం నిక్షేపంగా పూలకుండీల్లో ఎరువుగా వేసుకోవచ్చు.